మనవాడు లీడరైతే చాలా?





మన పేటల్లో ఒక మాట తరచుగా వింటుంటాం. "ఫలానా వాళ్ల అబ్బాయి పెద్ద పొజిషన్‌లో ఉన్నాడు, కింద ఇరవై మంది పనిచేస్తారు" అని. ఆ మాట చెప్పేవాళ్ల ముఖం వెలిగిపోతూ ఉంటుంది. వెలగాలి కూడా. తరతరాలుగా ఎవరి కిందో పనిచేసిన వాళ్లం మనం. మన పిల్లవాడి కింద నలుగురు పనిచేస్తున్నారంటే ఆ సంతోషం న్యాయమైనదే. కానీ ఆ మాట విన్నాక ఒక ప్రశ్న మాత్రం మనం ఎప్పుడూ అడగం. ఆ కింద ఉన్న ఇరవై మంది ఎలా ఉన్నారు?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. ఆ ఫలానా వాళ్ల అబ్బాయిని నేనే.

నేను హైదరాబాదులో ఒక క్రియేటివ్ ఏజెన్సీలో వీడియో టీమ్‌కి లీడ్‌ని. ప్రకటనలు, కంపెనీల పరిచయ చిత్రాలు, ఫోన్‌లో చూసే చిన్న చిన్న రీల్స్ తీస్తాం. ఆరేళ్ల కింద మేం ముగ్గురమే. నేను కెమెరా పట్టేవాణ్ణి. ఒకతను ఎడిటింగ్ చేసేవాడు. ఒకమ్మాయి స్క్రిప్టు రాసి, షూటింగ్ ఏర్పాట్లు చూసేది. లైట్లు ముగ్గురం కలిసి మోసేవాళ్లం. ఒకే బిర్యానీ పార్శిల్ విప్పుకుని ముగ్గురం తినేవాళ్లం. ఒకరికి జ్వరం వస్తే మిగతా ఇద్దరికీ వెంటనే తెలిసేది. తెలియకుండా ఎలా ఉంటుంది, పనే ఆగిపోయేది కదా.

ఇప్పుడు పంతొమ్మిది మందిమి. షూటింగ్ రోజుల్లో దినకూలి మీద బయటనుంచి వచ్చే లైట్‌మెన్, సెట్టింగ్ కుర్రాళ్లు అదనం. టీమ్ పెరిగిందని ఆఫీసులో కేక్ కోశారు. నేనూ ఫొటో దిగి ఇంటికి పంపించాను. టీమ్‌తోపాటు ఇంకేం పెరిగిందో అప్పుడు నాకు తెలియలేదు.

రెండేళ్ల కింద ఒక షూటింగ్ రాత్రి రెండింటిదాకా సాగింది. మళ్లీ పొద్దున ఆరింటికల్లా అందరూ లొకేషన్‌లో ఉండాలని గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే. కెమెరా తీసినదంతా ఒక చిన్న కార్డులో ఉంటుంది. దాన్ని హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, సరిగా ఎక్కిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేసి మళ్లీ వాడతారు. ఆ పని చూసే కుర్రాడికి ఇరవై రెండేళ్లు. ఇంటికెళ్లి రెండు గంటలు కూడా పడుకున్నాడో లేదో. ఎక్కించిన కార్డు అనుకుని ఎక్కించని కార్డును ఖాళీ చేసేశాడు. ముందు రాత్రి పనిలో సగం పోయింది.

నేనేం చేశాను? క్లయింటు ముందు, అందరి ముందు అతన్ని తిట్టాను. అతను తలదించుకుని నిలబడ్డాడు. సాయంత్రం మళ్లీ తీయడానికయ్యే ఖర్చు లెక్క రాసి, కారణం దగ్గర అతని పేరు వేశాను.

ఆ ఆదివారం విహారంలో వందన అయ్యాక కార్యకారణాల గురించి ప్రసంగం జరిగింది. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. చిన్నప్పటినుంచి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. కార్డు ఎందుకు ఖాళీ అయింది? నిద్ర లేక. నిద్ర ఎందుకు లేదు? రెండు రోజుల పని ఒకటిన్నర రోజులో కుక్కినందువల్ల. ఎందుకు కుక్కాం? క్లయింటు అడిగిన తేదీకి నేను సరే అన్నాను కాబట్టి. ఎందుకు సరే అన్నాను? పైవాళ్ల దగ్గర మంచి పేరు కోసం. వెనక్కి వెళ్తూ వెళ్తూ చివరికి నా దగ్గరికే వచ్చాను. ఆ లెక్కలో రాయాల్సిన పేరు నాది.

వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. సారిపుత్తుడు ఒకసారి తథాగతుణ్ణి అడిగాడు, ధమ్మం చిరకాలం నిలవాలంటే భిక్షువులకు నియమాలు పెట్టండి అని. అప్పుడే తొందరపడవద్దని బుద్ధుడు ఆపారు. సంఘం పెద్దదై, కాలం గడిచి, లాభాలు పెరిగినప్పుడు కొన్ని దోషాలు తలెత్తుతాయి, నియమాలు పెట్టాల్సింది అప్పుడు అన్నారు. ఇది నేను ఎన్నోసార్లు చదివాను. నా ఉద్యోగానికి సంబంధించిన మాట అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ముగ్గురు ఉన్నప్పుడు నియమం అక్కర్లేదు, ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది. పంతొమ్మిది మంది అయ్యాక లీడర్ చూపు అందరి దాకా చేరదు. ఆ చూపు చేరని చోట ఒక నియమమన్నా ఉండాలి, లేకపోతే పాత అలవాటు వచ్చి కూర్చుంటుంది. మన దేశంలో ఆ పాత అలవాటు ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అది నా షూటింగ్‌లోకే వచ్చి కూర్చుందని తెలిసిన రోజు చెప్తాను. నగరం బయట ఒక ఫామ్‌హౌస్‌లో ప్రకటన తీస్తున్నాం. మధ్యాహ్నం క్లయింటుకి, నటులకి, కెమెరా వాళ్లకి, నాకు చెట్టు నీడలో బల్లలు వేసి బిర్యానీ, రెండు కూరలు, స్వీటు. తిన్నాక ఫోన్ మాట్లాడుకుంటూ జనరేటర్ వ్యాన్ వెనక్కి వెళ్లాను. అక్కడ లైట్‌మెన్ నేల మీద కూర్చుని పొట్లాల్లో సాంబారన్నం తింటున్నారు. వాళ్లలో ఒకాయనకు అరవై దగ్గర ఉంటాయి. నన్ను చూసి, ఎంగిలి చేత్తోనే, ముద్ద నోట్లో ఉండగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో పెద్దాయనా, తిను."

"పర్లేదు సార్."

నేను అక్కణ్ణుంచి వెళ్లేదాకా ఆయన కూర్చోలేదు.

మా నాన్న పల్నాడులో పాలేరుగా పనిచేశాడు. ఆసామి ఇంట్లో ఆయనకు అన్నం పశువుల కొట్టం దగ్గర ఆకులో పెట్టేవాళ్లు. ఆసామి అటువైపు వస్తే తింటున్నవాడల్లా లేచి నిలబడేవాడు. చిన్నప్పుడు ఆ పక్కన కూర్చుని నేను కళ్లారా చూశాను. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఎవరన్నా వస్తే లేవడం కాళ్లకి అలవాటైపోద్ది రా. పెద్దాయన్ని ఏమనమాక."

ఆయన్ని ఏమంటాను? ఆ షూటింగ్ బడ్జెట్ కాగితంలో భోజనాలకు రెండు రేట్లు ఉన్నాయి. కింద ఆమోదం సంతకం నాది. నేను చదవకుండానే పెట్టాను. ఎవరికీ దురుద్దేశం లేదు. ప్రొడక్షన్ మేనేజరు "ఎక్కడైనా ఇలాగే కదా అన్నా" అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. చాలా సెట్లలో అలాగే జరుగుతుంది.

బాబాసాహెబ్ దీన్నే మెట్ల అసమానత అన్నారు. పైమెట్టు మీద ఉన్నవాడు తొక్కుతున్నాడని బాధపడేవాడికి, తను తొక్కడానికి కింద ఇంకో మెట్టు దొరుకుతుంది. అందుకే మొత్తం నిచ్చెనను విరగ్గొట్టాలని ఎవరికీ తోచదు. ఏజెన్సీలో ఆ నిచ్చెన కొత్త పేర్లతో ఉంటుంది. క్లయింటు లీడ్‌ని అంటాడు, లీడ్ సీనియర్ ఎడిటర్‌ని, సీనియర్ జూనియర్‌ని, జూనియర్ ఇంటర్న్‌ని. ఇంటర్న్ టీ తెచ్చే అబ్బాయిని. నేను ఆ నిచ్చెన ఎక్కాను. ఎక్కాక అది సరిగానే ఉందనిపించింది. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నప్పుడు మనుషులంతా సమానమని నమ్ముతానని మాత్రమే చెప్పలేదు, సమానత్వం నెలకొల్పడానికి పాటుపడతానని కూడా చెప్పాను. ఆ రెండో మాట నమ్మకంతో తీరదు. పని చెయ్యాలి.

సిగాలోవాద సుత్తంలో పనిచేసేవారి పట్ల యజమాని బాధ్యతలు ఐదు చెప్పారు. వాళ్ల శక్తికి తగిన పని ఇవ్వడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, రుచికరమైనది ఉంటే పంచుకోవడం, వేళకు సెలవివ్వడం. ఈ ఐదింటినీ ఒక కాగితం మీద రాసుకుని మా టీమ్ ఎలా ఉందో పోల్చి చూసుకున్నాను. జీతం ఒక్కటే వేళకు ఇస్తున్నాం. మిగతా నాలుగింటిలో తప్పాను.

తర్వాత అందరం కూర్చుని నియమాలు రాసుకున్నాం. ఎవరు ముందు మాట్లాడాలన్న దగ్గర నాకు ఉపాలి గుర్తొచ్చాడు. శాక్య రాకుమారులు తమ అహంకారం అణగాలని మంగలి అయిన ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇప్పించారు. ఆ ఉపాలే తర్వాత రాజగృహ సంగీతిలో వినయం మొత్తం చెప్పాడు. అందుకని మా మీటింగులో అందరికంటే కొత్తగా చేరిన ఇంటర్న్ ముందు మాట్లాడాలని, నేను చివర మాట్లాడాలని అనుకున్నాం. రాసుకున్నవి ఇవి.

రెండు కాపీలు ఎక్కి, రెండో మనిషి చూసి సంతకం పెట్టేదాకా ఏ కార్డూ ఖాళీ చేయకూడదు. ప్యాకప్‌కీ మర్నాటి పనికీ మధ్య పదకొండు గంటల విరామం ఉండాలి. క్లయింటు కుదరదంటే కాదని చెప్పాల్సింది లీడ్, జూనియర్ కాదు. సెట్‌లో అందరికీ ఒకటే భోజనం, లీడ్ ఆఖరున తినాలి. వీడియో పంపే మెయిల్‌లో దినకూలీ వాళ్లతో సహా పనిచేసిన అందరి పేర్లూ ఉండాలి. తప్పు జరిగితే "ఎవరు" అనే ముందు "ఏం జరిగింది" అని అడగాలి.

గంటల నియమం దగ్గర కొందరు నవ్వారు. క్రియేటివ్ పనికి గంటలేంటి అన్నా, అని. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారపు పనిని 54 గంటల నుంచి 48కి తగ్గించారని వాళ్లకు చెప్పాను. యంత్రం ముందు మనిషికైనా కంప్యూటర్ ముందు మనిషికైనా ఉండేది ఒకటే శరీరం.

ఇదంతా ఖర్చు లేకుండా జరగలేదు. భోజనాలకు ఎక్కువ డబ్బు కావాలంటే మా పైఅధికారి "ఇది ఆఫీసు, ఆశ్రమం కాదు" అన్నారు. ఆ షూటింగ్‌లో డ్రోన్ షాట్ మానేసి ఆ డబ్బు సర్దాను. రాత్రికి రాత్రి కావాలన్న ఒక క్లయింటు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర మిత్రులు కూడా మందలించారు. "మనవాళ్లు అక్కడిదాకా చేరడమే గగనం. మెత్తగా ఉంటే నిన్నే తొక్కేస్తారు."

ఆ భయం ఉత్తది కాదు. కానీ మైత్రి అంటే మెతకతనం కాదు. ఒక మంచి కెమెరామన్ ఇంటర్న్ అమ్మాయితో తప్పుగా మాట్లాడితే, ఎంత పనిమంతుడైనా, ఆ వారమే అతన్ని పంపించేశాం. మెతకవాడు ఆ పని చేయలేడు. కోపం తెచ్చుకుని అరిచేవాడూ చేయలేడు, అరిచి అక్కడితో వదిలేస్తాడు.

చివరిది అన్నిటికంటే కష్టమైంది. వర్షావాసం ముగిసే రోజు భిక్షువులు పవారణ చేస్తారు. నాలో దోషం కనబడితే చెప్పండి అని ఒకరినొకరు అడుగుతారు. సావత్థిలో ఒక పవారణ నాడు సాక్షాత్తు బుద్ధుడే ముందుగా సంఘాన్ని అడిగారు, నా చేతలో గానీ మాటలో గానీ తప్పుపట్టేది ఉందా అని. సమ్యక్ సంబుద్ధుడే అడిగితే, అడగకుండా ఉండడానికి నేనెవర్ని?

మూడు నెలలకోసారి నేను అడుగుతున్నాను. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదు. రెండోసారి ఒక ఎడిటరమ్మాయి లేచింది. "అన్నా, క్లయింటు మెచ్చుకుంటే మీరు 'మేం చేశాం' అంటారు. తిడితే మాలో ఒకరి పేరు చెప్తారు." గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నాకు ఒళ్లు మండింది. సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నిజమే తల్లీ" అన్నాను. ఖాళీ అయిన కార్డు లెక్క తెరిచి, కారణం దగ్గర ఆ కుర్రాడి పేరు తీసేసి నా పేరు రాసి పైకి పంపింది ఆ రోజే. రెండేళ్లు పట్టింది నాకు.

మిత్రులారా, మనవాడు లీడరైతే చాలా? అది మొదటి మెట్టే. మన మనిషి పైకి వెళ్లాక కింద ఉన్నవాళ్లు తింటూ లేచి నిలబడాల్సి వస్తుంటే, కుర్చీలో మనిషి మారాడు, కుర్చీ మారలేదు. మీరు ఏజెన్సీలో ఉండక్కర్లేదు. బడిలో హెడ్మాస్టరు కావచ్చు, వార్డులో హెడ్ నర్సు కావచ్చు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న గృహస్థు కావచ్చు. మీ సంతకంతో ఎక్కడైనా రెండు రకాల భోజనం నడుస్తోందా? మీ దగ్గర పనిచేసేవాళ్లు మీ తప్పును మీ ముఖం మీద చెప్పగలరా? ఈ వారం ఒకసారి చూసుకోండి.

ఆ పెద్దాయన ఇప్పటికీ మా షూటింగులకు వస్తాడు. అందరితోపాటు బల్ల దగ్గరే తింటాడు. నేను వెళ్తే మాత్రం ఇంకా సగం లేస్తాడు. నేను పక్కన కూర్చుంటే అప్పుడు కూర్చుంటాడు. అందుకే వెంటనే కూర్చుంటాను.

జై భీమ్. నమో బుద్ధాయ.