డెబ్బయిరెండు ఓట్లు

కామిక్సంటే పిల్లల కాలక్షేపం అనుకునేదాన్ని. మొన్న మా అబ్బాయి మంచంమీద పడేసి వెళ్ళిన బాట్‌మన్ పుస్తకం తిరగేశాక ఆ మాట అనలేకపోతున్నాను.

1988లో అమెరికాలో వచ్చిన కథ అది. బాట్‌మన్ చేరదీసిన కుర్రాడు జేసన్ టాడ్, రెండో రాబిన్. దుడుకు పిల్లాడు. అందుకే చాలామంది పాఠకులకి వాడంటే గిట్టదు. (దుడుకుతనానికి శిక్ష చావైతే మా ఇంట్లో ఒక్కరూ మిగలరు!) కన్నతల్లిని వెతుక్కుంటూ వెళ్ళి జోకర్ చేతికి చిక్కుతాడు. జోకర్ వాణ్ణి ఇనపరాడ్డుతో చావబాది, బాంబు పెట్టి పోతాడు. బాంబు పేలుతుంది.

అక్కడ కథ ఆపి, వాడు బతకాలా చావాలా మీరే చెప్పండని రెండు ఫోన్ నెంబర్లిచ్చారట. కాల్‌కి అర డాలరు. బతకాలన్నవి 5,271. చావాలన్నవి 5,343. తర్వాతి సంచికలో బాట్‌మన్ వాడి శవాన్ని ఎత్తుకొస్తాడు.

రాడ్డు దెబ్బల బొమ్మలు చూడలేక పేజీ తిప్పేశాను. కానీ ఆ అంకెల్ని ఎలా తిప్పెయ్యను? చంపింది జోకరేనా?

"బొమ్మల్లో మనిషేగా అమ్మా!" అన్నాడు మావాడు.

నిజమే. నా సీరియల్లో ఆడపడుచూ కాగితంమీది మనిషే. "దాన్ని చంపెయ్యండి మేడమ్, పీడ విరగడవుతుంది" అని ఉత్తరాలొస్తే నవ్వుకుని, రెండు పేరాల్లో జ్వరం తెప్పించి చంపేశాను. ఆ తర్వాత "పాపం, ఎందుకు చంపారండీ?" అని కూడా రాశారు. జవాబివ్వలేదు.

"2005లో జేసన్‌ని మళ్ళీ బతికించార్లే" అన్నాడు మావాడు, నా మొహం చూసి.

నా ఆడపడుచుకి ఆ యోగం లేదు.