పువ్వు కింద పేరు

పువ్వుకి పేరు పెట్టే హక్కు ఎవరిది? గట్టుమీద దాన్ని రోజూ చూసేవాడిదా, కాగితం మీద బొమ్మ వేసినవాడిదా, ఆ కాగితాన్ని అచ్చేసినవాడిదా?

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు డాక్టరు కుంఫిణీ కొలువులో సామర్లకోటలో ఉండేవాడు. 1793లో కలకత్తా తోటకి పోయేదాకా ఆ చుట్టుపక్కల అడవులూ బీళ్ళూ గాలించాడు. మన దేశపు చిత్రకారుల్ని పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిల్లో జోసెఫ్ బ్యాంక్స్ ఏరినవి 'కోరమాండల్ తీరపు మొక్కలు' అని 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మొత్తం 300 బొమ్మలు. మోదుగ కూడా అందులో ఉంది. మొక్క వెనక తెల్లకాగితమే. నేల లేదు, గట్టు లేదు, మనిషి లేడు.

మోదుగకి శాస్త్రం పెట్టిన పేరు బ్యూటియా. బ్యూట్ ప్రభువు పేరది. 1762-63లో బ్రిటన్ ప్రధానమంత్రి. మోదుగాకు విస్తట్లో అన్నం తిన్నవాడు కాదు. బొమ్మ వేసినవాడి పేరు బొమ్మ కింద లేదు. మొక్కని మోసుకొచ్చినవాడి పేరు అసలే లేదు. రాక్స్‌బర్గ్ చాలా మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మాట పుస్తకానికెక్కింది, మాట చెప్పిన నోరు ఎక్కలేదు.

ఇక్కడే మనకొక ఆశ పుడుతుంది. ఆ మొక్క తెచ్చింది మా ముత్తాతల్లో ఒకడే అని రాసేసుకుందామని. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. రుజువు లేకుండా ఆ ఖాళీలో మనవాడి పేరు రాస్తే, పరాయి కష్టం మీద తమ పేరు రాసుకున్నవాళ్ళకీ మనకీ తేడా ఏముంది? ఖాళీ ఖాళీగానే కనపడాలి. అదే సాక్ష్యం.

నాకు రుజువున్న సంగతి ఇంకోటుంది. తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్రపు పువ్వయింది. బతుకమ్మలో పేరుస్తారు, మొక్కుతారు. ఆ చెట్టు చెక్కతోనే మా తాత లందలో తోలు ఊరేసేవాడు. ఒకే చెట్టు. పువ్వు పట్టిన చెయ్యి పుణ్యం చేసుకుంది, చెక్క దంచిన చెయ్యి మైలపడింది. ఇదెక్కడి ధర్మం? పువ్వుని మాత్రమే చూపించి చెట్టుని చూపించామనుకోవడం ఆ తెల్లకాగితంతోనే మొదలవలేదు. మన ఊళ్ళకది ఎప్పట్నించో అలవాటే.

అలాగని ఆ బొమ్మల్ని కాదనను. ఆ చేతుల పనితనం గొప్పది. చూసి సంతోషించడంలో తప్పు లేదు, సంతోషించి ఊరుకోవడంలోనే ఉంది. కనీసం వాటిని రాక్స్‌బర్గ్ వేసిన బొమ్మలనకండి. 'చిత్రకారుడి పేరు తెలియదు' అని కూడా సరిపెట్టకండి. తెలియదు అంటే తప్పు కాలానిదవుతుంది. పక్కన నిలబడి వేయించుకున్నవాడికి ఆ పేరు తెలీకుండా ఉంటుందా? 'పేరు రాయలేదు' అనండి. అప్పుడు, రాయనిదెవరు అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది.