నయంకాని బిడ్డకు మనమేమి బాకీ?



మా విచారణలో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారునికి పద్నాలుగేళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. వారానికి రెండుసార్లు వాడిని భుజాన వేసుకొని, బస్సెక్కి, పట్టణంలో ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళేది. ఆ రెండు రోజులూ కూలి లేనట్లే.

ఒకనాడు బిల్లులు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "కార్డు చూపిస్తే, ఆపరేషనైతే చెప్పమ్మా, దీనికి రాదు అన్నారు ఫాదర్‌గారూ" అన్నది. పేదల నిధిలోనుంచి కొంత ఇచ్చి పంపాను. మంచిపని చేశానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. మరుసటి నెల ఆమె రాలేదు. కబురుపెట్టి అడిగితే, "నెలనెలా అడగాలంటే సిగ్గేసిందండీ, అందుకే మానిపించాను" అన్నది.

నా దానం ఆమెకు సిగ్గును మిగిల్చిందన్నమాట. హక్కుగా అందవలసినది దయగా అందితే జరిగేది ఇదే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది. అది కాదనలేము. అయితే ఇటువంటి పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చుకొని, చికిత్స చేసి, ఇంటికి పంపే జబ్బులకోసం ఏర్పడినవి. వైకల్యానికి ఆ "ఇంటికి పంపే రోజు" ఉండదు. వినికిడి లేని పసిబిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను ఉచితంగా చేస్తారు. గ్యారంటీ తీరాక తీగ తెగితే, బ్యాటరీ పోతే, ఆ ఖర్చు తరచుగా తల్లిదండ్రుల నెత్తినే పడుతుంది.

కేంద్రంలో నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా ఉన్నది. లక్ష రూపాయల వరకు, మందులకూ థెరపీలకూ కూడా ఇస్తుంది. నేనడిగిన కుటుంబాలలో ఒక్కరికీ దాని పేరు తెలియదు. (నాకు మాత్రం ఎప్పుడు తెలిసింది? ఈ తల్లి వచ్చి వెళ్ళాకనే.) కాని 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించగా, నిరామయ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం అనే నాలుగింటికే వర్తిస్తుంది. కండరాల క్షీణత ఒక్కటే ఉన్న బిడ్డకు అందులో చోటు లేదు. పైగా సాధారణంగా ముందు మనం చెల్లించి, ఆ తరువాత బిల్లులు పంపుకోవాలి. ముందు చెల్లించేందుకు డబ్బే ఉంటే ఆమె నా గుమ్మం ఎందుకు ఎక్కుతుంది?

"ఎంత చేసినా నయం కాదుగదా, ఎందుకా ఖర్చు?" అని చదువుకున్నవారే నాతో అన్నారు. అన్నం తింటే ఆకలి శాశ్వతంగా పోతుందా? రేపు మళ్ళీ వేస్తుంది. అంతమాత్రాన అన్నం వృథా అనము. ఆ పిల్లవాడి కీళ్ళు బిగుసుకుపోకుండా ఉండటమే ఆ వైద్యానికి ఫలం. నిన్నటిలాగే ఈరోజూ కూర్చోగలిగాడంటే అది వాడికి తక్కువ లాభమేమీ కాదు.

ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన, ఎడతెగని సంకల్పమే న్యాయమని అక్వినా పునీత తోమాసువారు రోమను న్యాయవేత్తల నిర్వచనాన్ని స్వీకరించారు. సెమినరీలో ఆ "ఎడతెగని" అన్న మాటను పరీక్షకోసం బట్టీపట్టాను. ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే అది న్యాయం కాదని అప్పుడు తట్టలేదు.

యోహాను సువార్తలో 38 ఏళ్ళుగా జబ్బుతో కోనేటి గట్టున పడివున్న మనిషిని తలచుకోండి. కోనేరు ఉన్నది, నీరు కదులుతున్నది. దించే మనిషి లేడు. మన పథకాలు కోనేరు తవ్వుతున్నాయి. మోసే మనిషి కూలి, నడుము, వయసు ఏ పథకం లెక్కలోనూ కనబడవు.

గత నెల ఆ తల్లితో కలిసి నిరామయ దరఖాస్తు నింపాను. వైకల్య ధ్రువపత్రం గడువు తీరింది, మళ్ళీ తేవాలి. లేచేటప్పుడు ఆమె నడుము పట్టుకొని ఆగిపోయింది. "డాక్టరుకు చూపించుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"నన్ను మంచాన పడుకోబెడితే వీణ్ణి ఎవరు ఎత్తుకుంటారు ఫాదర్‌గారూ?" అన్నది.