తెలిసినవారిపై దయ

అమెరికాలో 2005వ సంవత్సరమున ఏబీసీ టెలివిజనులో ఆరంభమైన ‘గ్రేస్ అనాటమీ’ అను ధారావాహిక సియాటిల్ నగరమందలి ఒక ఆసుపత్రిలోని శస్త్రవైద్యుల కథ. ప్రేమలు, కలహములు అందులో కావలసినదానికంటె ఎక్కువే. అయినను 2011లో ప్రసారమైన ఒక ఘట్టము విచారింపదగినది.

డాక్టర్ డెరెక్ షెపర్డ్ ఆల్జైమర్స్ అను మతిమరుపు వ్యాధికి కొత్త మందును పరీక్షించుచుండెను. ఇట్టి పరీక్షలో కొందరికి మందును, కొందరికి చూపునకు మందువలెనే యుండు వట్టి పదార్థమును ఇత్తురు. ఎవరికేది వచ్చునో చీట్లు వేసినట్లు నిర్ణయమగును. అది రోగికిగాని, వైద్యునికిగాని తెలియరాదు. తెలిసినచో రోగి ఆశ అతని మాటను, వైద్యుని ఆశ అతని చూపును మార్చివేయును. 1948లో బ్రిటనులో ఫలితములు వెలువడిన క్షయరోగపు స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో, మందు కొరతగా నున్న కాలమున, చీట్ల పద్ధతియే న్యాయమని పెద్దలు తలచిరి.

డెరెక్ భార్యయు, ఆ పరీక్షలో సహాయకురాలునగు మెరిడిత్ గ్రే, ప్రధాన శస్త్రవైద్యుడు రిచర్డ్ వెబ్బర్ భార్యయైన అడేల్ వంతుకు వట్టి పదార్థమే వచ్చినదని తెలిసికొని, రహస్యముగా మార్చివేసెను. ఇందు లంచము లేదు, పేరాశ లేదు. మెరిడిత్ తల్లి ఇదే వ్యాధివలన కన్నకూతురినే గుర్తింపలేని స్థితికి వచ్చినది. అట్టి కూతురు చేతులు ముడుచుకొని యుండవలెననుట సులభము కాదు.

అయినను వర్తకమెరిగినవారికి ఒక భేదము తెలియును. తెలిసినవారికి సొంత సరుకును మొగ్గుగా తూచి ఇచ్చుట ఔదార్యమే. పడికట్టురాయినే మార్చుట వేరు. ఆ రాయి అంగడివానిది మాత్రమే కాదు. రేపు వచ్చు ముఖమెరుగని కొనుగోలుదారునిది కూడ. మెరిడిత్ అడేల్‌కు ఇచ్చినది తన సొత్తులోనిది కాదు. ఆ మందు మేలు చేయునో కీడు చేయునో తెలియక ఎదురుచూచు అసంఖ్యాకుల నమ్మకములోనిది.

చిత్రమేమనగా, నిజమును బయటపెట్టినవాడు ధర్మచింతతో చెప్పలేదు. అలెక్స్ కారెవ్ తాగిన మైకములో చెప్పివేసెను. స్నేహితులందరు అతనినే వెలివేసినట్లు చూచిరి. చెప్పినవాని మనస్సు మంచిది కాదు, దాచినయామె మనస్సు మంచిది. అయినను లెక్క సరియైనది చెప్పినవానివలననే. ఇది మింగుడుపడని సంగతి.

తరువాత రిచర్డ్ ఆ తప్పు తనదేయని చెప్పి పదవిని వదలుకొనెను. మెరిడిత్ ఉద్యోగము నిలిచినది. అడేల్ వ్యాధి ముదిరి, ఆమెను సంరక్షణ గృహమున ఉంచవలసివచ్చెను. మందు పనికిరాదనుటకు అదియు సాక్ష్యము కాజాలదు. ఏలయన ఆ పరీక్ష అప్పటికే చెడియుండెను.