మ్యాటు కింద చిల్లు

కళ్ళద్దాలు పైకి తోసుకుంటే గానీ సూదిలో దారం ఎక్కించలేని ఈ వయసులో కారు రిపేరుకు దిగుతానని కలలో కూడా అనుకోలేదు. కారంటే మరీ పెద్దదేం కాదు, మా మామగారు 1998లో కొన్న మారుతి 800. ఆ రకం బండి మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 2014లో తయారీయే ఆగిపోయింది. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఎన్ని పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ ఆ బుల్లి బండి పరుగెత్తిందో లెక్క లేదు.

ఇక దీన్ని అమ్మేద్దామన్నారు మావారు. "లోపల కొంచెం బాగుచేస్తే నాలుగు పైసలు ఎక్కువొస్తయ్" అన్నారు. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో ఉన్న మా మేడిపల్లిలో, ఇంటి ముందు వేపచెట్టు కింద బండి పెట్టుకుని ఇద్దరం పనికి దిగాం.

మొదట ఎడమ తలుపు. అద్దం తిప్పే హ్యాండిల్ ఊడదీయాలి. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో మావారు అరగంట కుస్తీ పట్టారు. నేను పాత చీర పీలిక తెచ్చి, ఆ సందులో దూర్చి, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగాను. టప్పున ఊడింది! చెప్పొద్దూ, నవల అచ్చయిన నాడు కూడా అంత గర్వపడలేదు.

తలుపు అట్ట తీస్తే అసలు సంగతి బయటపడింది. తలుపులోకి వాన నీళ్ళు దిగడం తప్పు కాదట. అద్దం సందులోంచి దిగి, అడుగునున్న చిన్న చిన్న కన్నాల గుండా బయటికి పోతాయి. మా బండిలో ఆ కన్నాలు మట్టితో పూడిపోయాయి. అట్ట వెనక ఉండే ప్లాస్టిక్ కాగితం చినిగిపోయింది. ఇక నీళ్ళు అట్టను నానబెట్టి, కారులోకి దిగి, మ్యాటు కింద చేరాయి. మ్యాటు ఎత్తి చూద్దును కదా, కాళ్ళు పెట్టుకునే చోట అరచేతంత మేర రేకు తుప్పుపట్టి జల్లెడైంది. వేలితో నొక్కితే కింద మా వాకిలి కనిపించింది.

"కొత్త మ్యాటు వేస్తే అయిపాయె" అన్నారు మావారు.

కొంటానన్నది పక్క ఊరి అబ్బాయి. ఏడేళ్ళు దుబాయిలో కష్టపడి తిరిగొచ్చాడు. మా వైపు ఇంటింటా వినే కథే ఇది. తల్లి బీడీలు చుట్టి పెంచింది. ఇప్పుడామెకు దగ్గు, ఆయాసం. దవాఖానాకు బస్సులో తిప్పలేక కారు కొంటానన్నాడు. ఆమె కూర్చునేది ఆ ముందు సీట్లోనే కదా!

"అబద్ధం ఆడుతలేం గదా. అడిగితే చెప్దాం" అన్నారాయన.

ఈ పేచీ కొత్తదేం కాదు. క్రీస్తుపూర్వం 44లో రోమ్ నగరపు సిసిరో తన కొడుకు కోసం కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో ఇదే ఉంది. కర్రలు పుచ్చిపోయిన ఇల్లు అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడితో చెప్పాలా? అక్కర్లేదు, కొనమని బలవంతపెట్టలేదు కదా అంటాడు డయోజెనీస్ అనే తత్త్వవేత్త. చెప్పి తీరాలంటాడు ఆంటిపేటర్. సిసిరో కూడా చెప్పాలనే అంటాడు. ఊరుకోవడం వేరు, కప్పిపెట్టడం వేరని కూడా అంటాడు. మేం ఊరుకోవడం కూడా కాదు, డబ్బిచ్చి మ్యాటు కొని మరీ కప్పబోతున్నాం!

మరి నేను కుట్టిన సీటు కవర్ల మాటేమిటి? అవీ చిరుగుల మీద కప్పినవే కదా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొంత కుట్టిన ఏ ఆడదానికైనా తెలుసు, అతుకు చిరుగును మూయడమే కాదు, గుడ్డకు బలాన్నీ ఇస్తుంది. సీటు కవరు కింద చిరుగుంటే ఎవరికీ దెబ్బ తగలదు. మ్యాటు అలా కాదు. అది బలం ఇవ్వదు, కింద బలం ఉందన్న నమ్మకాన్ని మాత్రం ఇస్తుంది. ఆ నమ్మకం మీద ఒక పెద్దావిడ కాలు మోపుతుంది.

పొద్దున్నే అబ్బాయి వచ్చాడు. మ్యాటు ఎత్తి చూపించాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను, అదీ నిజమే! అతను నా మొహంలోకి చూసి, "గిసొంటివి ఇంకేమేమున్నయ్ అక్కా?" అన్నాడు. చివుక్కుమంది. నిజం చెబితే నమ్మకం పెరుగుతుందని కథల్లో ఎన్నిసార్లు రాశానో! ఇక్కడ ముందు పెరిగింది అనుమానమే. మర్నాడు మెకానిక్కును వెంటబెట్టుకొచ్చి బండంతా వెతికించాడు. ఎనిమిది వేలు తగ్గించి, "రేకుకు వెల్డింగు పెట్టిచ్చుకుంట" అని తీసుకుపోయాడు.

మావారు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో నాడు అన్నం తింటూ, "గంత సత్యవంతులైతే, పెళ్ళిచూపులప్పుడు నీ కళ్ళద్దాలు మీవాళ్ళు బీరువాల ఎందుకు దాసిపెట్టిండ్రు?" అన్నారు.

"అది మా అమ్మ పని. మీరు నాకు మాత్రం కనిపించారా ఏం?" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం.

గిన్నెలు సర్దుతుంటే మాత్రం ఆలోచన పట్టుకుంది. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నా కళ్ళద్దాల వల్ల ఆయనకు ఒక్కనాడూ ఇబ్బంది కలగలేదు. దాచారన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు.

ఎనిమిది వేలు ఎక్కువంటారా?