మస్టరులో పేరు

ఖమ్తరాయ్, రాయ్‌పూర్
2025 నవంబరు

చిరంజీవి అమ్మలుకు,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పకుండా మాట మార్చానని నీకు కోపం వచ్చినట్టుంది. అప్పుడు మీ అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. పైగా అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. సీనియర్ ఒకతను నువ్వు చదువుతున్న జర్మనీ ఊళ్లో ఒక హోటల్లో పని ఇప్పించాడు. శని, ఆదివారాలు గిన్నెలు కడగడం, కూరగాయలు తరగడం. కాగితం లేదు, బ్యాంకులో జీతం పడదు, గంటకి ఏడు యూరోల చొప్పున చేతికిస్తామన్నారు. మొదట ఇచ్చారు, పోయిన నెలది ఇవ్వలేదు. అడిగితే ఇదిగో అదిగో అంటున్నారు. “ఇక్కడ అందరూ ఇలాగే చేస్తున్నారు తాతయ్యా, తప్పంటావా?” అన్నావు.

తప్పే. గిన్నెలు కడగడం మాత్రం కాదు. ఆ మాట మీ నాన్నకీ చెప్పాను. నిట్‌లో మెటలర్జీ చదివిన పిల్ల ఎంగిలి ప్లేట్లు తీయడమేమిటని ఆయన బాధ. కూలిపని చేసి నిలదొక్కుకున్న ఇంటి మనవరాలివి నువ్వు. మీ ముత్తాత, అంటే మా నాన్న, పార్వతీపురం దగ్గర పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో గాంగుమనిషిగా చేరి, 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఈ వైపుకి వచ్చాడు. చేసే పనిని బట్టి మనిషి విలువ తగ్గదని మనింట్లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేకపోయింది. నా అభ్యంతరం వేరే.

నేను వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. పొద్దున సైరను మోగాక గేటు దగ్గర టోకెన్లు చూసుకోవడం, మస్టర్లు రాయడం, నెలాఖరుకి గంటలు కూడడం, ఇదే నా ఉద్యోగం. దీన్ని మించిన విసుగు పని లేదని మీ పెదనాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. కానీ ఆ పుస్తకంలో ఒక గీత పడితే ఏమవుతుందో, పడకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒకచోట, ఎక్కడో చెప్పను, కాంట్రాక్టరు మనుషులు పట్టాలు దించుతుంటే ఒకతని పాదం నలిగిపోయింది. మహాసముంద్ వైపు కుర్రాడు. కాంట్రాక్టరు వచ్చి చూసి “వీడు నా మనిషి కాదు” అన్నాడు. పనివాళ్లకి దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో 1923 నుంచీ ఉంది. కానీ ఆ చట్టం గడప తొక్కాలంటే ముందు తాను పనివాణ్ణని రుజువు చేసుకోవాలి. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు తోటివాళ్లు చందాలు వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

ఇప్పుడు నీ సంగతి చూడు. జర్మనీలో ఈ 2025లో కనీస వేతనం గంటకి 12.82 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90. నీకు ఇస్తున్నది ఏడు. మిగిలిన ఐదూ చిల్లర ఎవరి జేబులోకి పోతోందో చెప్పక్కర్లేదు. మీలాంటి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో పని చేసుకోవచ్చని 2024 మార్చి నుంచి అక్కడ రూలు. అంటే చట్టం నీకు తలుపు మూయలేదు. కాగితం మీద చేసే పనిలో నీకు దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు చూసే బీమా ఉంటుంది, దాని చందా యజమానే కట్టాలి. కాగితం లేకుండా చేస్తే జీతం, బీమా, సెలవు ఏదీ ధైర్యంగా నోరు తెరిచి అడగలేవు. అడిగితే “వీసాకి ఎసరు వస్తుంది జాగ్రత్త” అని బెదిరిస్తారు. నీ భయమే అతనికి పెట్టుబడి. ఆ ఐదూ చిల్లర కన్నా నాకు బాధ కలిగించేది ఇదే. గొంతు పెద్దది చేసుకుని మాట్లాడే పిల్లవి, మొన్న ఫోన్లో గొణుగుతున్నావు.

పరాయి దేశంలో చదువుకునేవాళ్లకి డబ్బు తిప్పలు కొత్తవి కావనుకో. నువ్వున్న ఫ్రైబెర్గ్ ఊరికే 1739లో లొమొనోసోవ్ అనే రష్యా కుర్రాడు గనుల విద్య నేర్చుకోవడానికి వచ్చాడు. మీ యూనివర్సిటీ పుట్టింది 1765లో, అంటే అది కూడా లేని రోజులు. అంతకుముందు మార్బుర్గ్‌లో అప్పులు చేశాడని ఫ్రైబెర్గ్‌లో గురువు చేతికి డబ్బు పంపి, లెక్కగా ఇమ్మన్నారు. గురువుకీ ఇతనికీ పడలేదు. మరుసటి ఏడాదే పేచీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆయన పేరే మాస్కో యూనివర్సిటీకి పెట్టారు. భిలాయ్‌లో రష్యా ఇంజనీర్లు ఉన్న రోజుల్లో ఈ కథ విని ఉంటే మా వాళ్లు ఎంత సంబరపడేవారో.

సరే, మనవాళ్ల దగ్గరికి వద్దాం. మీ నాన్న నీకు చిన్నప్పుడు బిలాస్‌పూర్ రాఘవేంద్రరావుగారి గురించి తెగ చెప్పేవాడు. ఇంగ్లండులో బారిస్టరు చదివి వచ్చిన తెలుగాయన, 1936లో కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌కి గవర్నరుగా చేశాడని. పెద్దమనిషే, కాదనను. అయితే మా నాన్న నోట నేను విన్న పేరు ఆయనది కాదు, వి.వి. గిరిగారిది.

గిరిగారిది బరంపురం. 1913లో, పంతొమ్మిదో ఏట, లా చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. యూనివర్సిటీ కాలేజీలోనూ, కింగ్స్ ఇన్స్‌లోనూ చదివాడు. పుస్తకాలూ హాస్టలూ చూసుకుని పట్టా పుచ్చుకుని వచ్చేయవచ్చు. అలా చేసినవాళ్లు వందలమంది. ఆయన మాత్రం ఆ ఊరి గొడవల్లో తలదూర్చాడు. అక్కడి కూలీలు ఎందుకు సమ్మె చేస్తున్నారు, ఆ దేశం ఇంగ్లీషువాళ్లని ఎందుకు పొమ్మంటోంది అని పట్టించుకున్నాడు. తోటి భారతీయ విద్యార్థులతో కలిసి దక్షిణాఫ్రికాలో మనవాళ్ల అవస్థల మీద కరపత్రం వేశాడు. ఆయనకి ఇంగ్లీషు చెప్పిన థామస్ మక్‌డోనా 1916 ఏప్రిల్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. మే 3న మక్‌డోనాని కాల్చి చంపారు. ఇక అనుమానితుల మీద నిఘా పెరిగింది. జులై 1 లోగా ఐర్లండు విడిచి పొమ్మని గిరిగారికి నోటీసు వచ్చింది.

మన దేశానికి తిరిగొచ్చాక ఆయన ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం. లాయరు గౌను వదిలి జైలుకి వెళ్లాడు, ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకి సంఘం కట్టాడు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మనుషుల్ని తీసేస్తామన్నప్పుడు జరిగిన సమ్మెలో ముందున్నాడు. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్లు ఎంతమందో నీకు తెలుసు కదా, సగం బంధువులు అక్కడే. ఉన్నపళంగా తీసేయకూడదు, తీసేస్తే కారణం చెప్పాలి, చేసిన పనికి లెక్క ఉండాలి అని తెల్లదొర ముందు నిలబడి అడగొచ్చని మా నాన్న లాంటివాళ్లకి తెలిసింది ఆ రోజుల్లోనే. 1969లో గిరిగారు రాష్ట్రపతి అయినప్పుడు మా నాన్న వీధంతా బూందీ పంచాడు. డబ్లిన్ ఎక్కడుందో ఆయనకి తెలియదు. అక్కడ నేర్చుకున్నది మాత్రం ఆయన జీతం పుస్తకం దాకా వచ్చి చేరింది.

నిన్ను ఉద్యమాల్లో దూకమనడం లేదు, కంగారుపడకు. మీ నాన్న ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్నాయి, యూరో వంద రూపాయలు దాటింది. ముందు చదువు. కానీ చదువు పేరు చెప్పి అక్కడ చాటుగా బతకకు. ఊళ్లో అడుగుపెట్టిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రసు రాయించుకోవాలని రూలు ఉందని నువ్వే చెప్పావు. అద్దె తక్కువని అడ్రసు రాయించని గదిలోకి మారదామనుకుంటున్నట్టు మీ అక్క అంది. మారకు. అద్దెలో ముప్పై యూరోలు మిగిలితే దాన్ని దాచడానికి మూడు అబద్ధాలు ఆడాలి. ఆ ఊళ్లో నీ పేరు ఉండాలి. టౌన్ ఆఫీసులో, లైబ్రరీలో, జీతం చీటీ మీద, ఓటు వేసే విద్యార్థి సంఘంలో. 2023-24 శీతాకాలం సెమిస్టరులో జర్మనీలో మన దేశపు విద్యార్థులు దాదాపు 49,500 మంది, చైనావాళ్లని కూడా దాటారట. ఇంతమంది ఉండి, అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో “అన్నా, క్యాష్ పని ఉందా” అని అడుక్కోవడమేమిటి?

జర్మన్ భాష కూడా ఇందుకే నేర్చుకోమంటున్నాను. కోర్సు ఇంగ్లీషులోనే, ల్యాబులో అందరూ ఇంగ్లీషే అంటావు. నిజమే. కానీ హోటలాయన సంతకం పెట్టమన్న కాగితం ఇంగ్లీషులో ఉండదు. మా నాన్న ఇక్కడ దిగినప్పుడు హిందీ రాదు, ఛత్తీస్‌గఢీ అసలే రాదు. బజారులో మోసపోయి మోసపోయి నేర్చుకున్నాడు. కొన్నేళ్లకి గాంగులోని సత్నామీ మనుషులతో కూర్చుని బోరే బాసీ తింటూ వాళ్ల భాషలో జోకులు వేసేవాడు. అది మన చద్దన్నమే కదా అనేది మా అమ్మ. 2022 మే 1న మంత్రులు కూడా బోరే బాసీ తిని ఫోటోలు దిగారు. మా నాన్న చూసి ఉంటే నవ్వేవాడు.

ఇంటికి చెప్పే కబుర్ల గురించి ఒక్క మాట. మీ అమ్మకి అన్నీ బాగున్నాయని చెబుతున్నావు. ఆవిడ నమ్మడం లేదు. నీకు 1.7 వచ్చిందంటే పక్కింటావిడకి ఎలా చెప్పాలో తెలియక తికమకపడుతోంది. అక్కడ ఒకటే అన్నిటికన్నా మంచి మార్కని నేను విడమరిచి చెప్పాక స్వీట్లు తెప్పించింది. అలాంటివే కాక ఒక సబ్జెక్టు తప్పావన్న సంగతీ చెప్పు. చాలా చోట్ల మూడుసార్లు తప్పితే ఆ కోర్సులోంచి పేరు తీసేస్తారట. హోటలు షిఫ్టు వల్ల పరీక్ష పోతే నెలకి ఆ కాస్త డబ్బు దేనికి? లోటు ఎంతో మీ నాన్నకి లెక్కగా చెప్పు. ఆయన కేకలేస్తాడు, తర్వాత ఏర్పాటు చేస్తాడు.

ఇక చేయాల్సిన పనులు. వచ్చే శనివారం హోటలుకి వెళ్లకు. పని ఇప్పించిన సీనియర్‌ని తిట్టకు, అతనూ ఇలాగే ఎవరి మాటో విని చేరి ఉంటాడు. మీ డిపార్టుమెంటులో ప్రొఫెసర్ల దగ్గర, ల్యాబుల్లో విద్యార్థులకి ఇచ్చే సహాయక ఉద్యోగాలు ఉంటాయి. ఆ పని గంటలు 140 రోజుల లెక్కలోకి రావు. నిట్‌లో మైక్రోస్కోపు మీద నమూనాలు చూసినదానివి, వెళ్లి అడుగు. ఒకరు లేదంటే ఇంకొకర్ని అడుగు. ఉత్తరం రాసి ఊరుకోకు, మనిషి ముందు నిలబడు.

రావాల్సిన డబ్బు వదులుకోకు. కాగితం లేకపోయినా చేసిన పనికి కనీస వేతనం అడిగే హక్కు అక్కడి చట్టంలో ఉంది. విద్యార్థి సంఘంవాళ్లు చాలా యూనివర్సిటీల్లో ఉచితంగా లాయరు సలహా ఇప్పిస్తారు, మీ దగ్గర కనుక్కో. నీ వీసా సంగతి కూడా దాచకుండా వాళ్లకే ముందు చెప్పు. ఏం చేయాలో వాళ్లు చెప్పాకే హోటలాయనకి ఉత్తరం రాయి.

వాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకు. ఒక నోటుబుక్కు తీసుకుని, మొదటి రోజు నుంచి ఏ తేదీన ఎన్నింటికి వెళ్లావు, ఎన్నింటికి వచ్చావు, మధ్యలో ఎంతసేపు కూర్చున్నావు, పక్కన ఎవరున్నారు, ఎంత ఇచ్చారు అన్నీ వరసగా రాయి. గుర్తు లేనివి ఫోన్లో మెసేజీలు చూస్తే తేలతాయి, బస్సు టికెట్లు ఉంటే దాచు. గుర్తు రాని రోజుని ఊహించి నింపకు, ఖాళీగా వదిలెయ్. ఒక్క తప్పు గీత దొరికితే మిగతావన్నీ అబద్ధమంటారు. రాశాక ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపు. గంటలు నేను కూడి పెడతాను. మాస్టర్స్ నువ్వు చదువుతున్నావు గానీ, ఈ లెక్కలో నువ్వు నన్ను దాటలేవు.

ఆశీస్సులతో,
చిన్నతాతయ్య