మీకెంత?

పేపరు చదివి ఇతరుల మీద జాలిపడటమంత సుఖం మరొకటి లేదు. కాదంటారా? అయితే నా సంగతి వినండి.

1985లో మేం గోదావరిఖనిలో సింగరేణి వారి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మావారు ఫస్టు షిఫ్టుకు బాయికి వెళ్ళాక పేపరు నా చేతికొచ్చేది. ఆ ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు షాబానో కేసులో తీర్పు చెప్పింది. ఇండోరులో ఒక లాయరు, నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన భార్యను ఇంట్లోంచి పంపేసి, 1978లో తలాక్ చెప్పాడు. అప్పటికామెకు 62 ఏళ్ళు. నెలకు 500 ఇప్పించమంటే మేజిస్ట్రేటు ఇప్పించింది 25 రూపాయలు! హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. అదీ ఇవ్వనని ఆయన ఢిల్లీ దాకా వెళ్ళి ఓడిపోయాడు.

తర్వాత నెలల తరబడి పేపర్లనిండా అదే. మంత్రుల ఉపన్యాసాలు, మతపెద్దల సభలు, పార్లమెంటులో వాదాలు, 1986లో కొత్త చట్టం. ఆ గొడవలో ముసలావిడ కాస్తా ఒక కేసు పేరై మిగిలింది.

ఎదురు క్వార్టరు ఆపాతో, "పాపం, మీ ఆడవాళ్ళకు ఎంత అన్యాయం!" అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నిజమే చెల్లే. గానీ తండ్రి ఆస్తిల కొడుక్కొచ్చేదాంట్ల బిడ్డకు సగమని మా దాంట్ల రాసి ఉన్నది. ఇస్తరా ఇయ్యరా, అది వేరే సంగతి. మరి మీకెంత?" అంది.

నవ్వేసి ఊరుకున్నాను.

చిత్రమేమిటంటే, రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో, అదే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని హిందూ ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. నాకు అప్పటికే పెళ్ళయింది కనుక లేదు. మా చెల్లెలికి ఉంది. దాని పెళ్ళికి ముందు అన్నయ్య ఒక కాయితం తెచ్చాడు, వాటా అక్కర్లేదని రాసివ్వమని. అది సంతకం పెట్టింది. సాక్షి సంతకం ఎవరిదనుకున్నారు? షాబానో కోసం కళ్ళొత్తుకున్న నాదే!

ఎక్కడో ఇండోరులో జరిగిన అన్యాయం మీద జాలికి ఖర్చు లేదు. మనింట్లో అన్యాయాన్ని అన్యాయమంటే పుట్టింటి గుమ్మం దూరమవుతుంది. పైగా మనింటిది ఏ పేపర్లోనూ పడదాయె.

2024 జూలైలో మళ్ళీ చూశాను. విడాకులైన ముస్లిం స్త్రీకి కూడా అందరిలాగే 125వ సెక్షను కింద భరణం అడిగే హక్కుందని 10వ తేదీన సుప్రీంకోర్టు చెప్పింది. ఈసారి కేసు మన తెలంగాణదే. "పాపం" అనబోయి ఆగిపోయాను. ఆపా బియ్యం చేట కళ్ళముందు మెదిలింది.

చెల్లెలికి ఫోను చేశాను. "ఆ కాయితం మీద సాక్షి సంతకం నేను పెట్టకుండా ఉండాల్సిందే" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "నువ్వు వద్దంటావేమోనని ఆవేళ నీ వంకే చూశానక్కా" అంది.